అమ్ముడుపోని ప్లాట్లు: రేచల్ కార్సన్ పుట్టిన ఇంట్లో

(జీవశాస్త్ర విద్యార్థులు, ఉపాధ్యాయులు, రైతులు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

1900వ సంవత్సరంలో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో రాబర్ట్ కార్సన్ అనే ఆయన స్ప్రింగ్‌డేల్ అనే చిన్న ఊళ్ళో 64 ఎకరాల భూమి కొన్నాడు. సేద్యం చేసి బతకాలన్నది ఆయన ఉద్దేశం కాదు. ఊరు పెరుగుతుంది, భూమిని ప్లాట్లుగా విడగొట్టి అమ్మితే నాలుగు డబ్బులు చేతికొస్తాయని ఆశపడ్డాడు. ఈ ఆశ మన ఊళ్ళలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. కానీ ఆయన అనుకున్నట్టు కొనేవాళ్ళు రాలేదు. ఒకటీ అరా పోగా మిగిలిన నేలంతా అలాగే ఉండిపోయింది. కొంత యాపిల్ తోట, కోళ్ళు, మిగతాది గుట్టలు, చెట్లు, పొదలు. 1907 మే 27న ఆ ఇంట్లో మూడో బిడ్డ పుట్టింది. పేరు రేచల్. అక్క పదేళ్ళు పెద్దది, అన్న ఎనిమిదేళ్ళు పెద్దవాడు. వాళ్ళు బడికి వెళ్ళిపోతే ఆ పిల్లకు తోడుగా తల్లి, కుక్క, అమ్ముడుపోని ఆ నేల మిగిలేవి.

రేచల్ కార్సన్ పేరు మీలో చాలామంది విన్నారు. 1962లో వచ్చిన ‘సైలెంట్ స్ప్రింగ్’ పుస్తకం రాసిన ఆవిడ. డీడీటీ వంటి పురుగుమందులు మట్టిలోకి, నీళ్ళలోకి, పక్షుల గుడ్లలోకి, మనుషుల ఒంట్లోకి ఎలా చేరుతున్నాయో మామూలు పాఠకుడికి అర్థమయ్యేలా చెప్పిన శాస్త్రవేత్త. ఆమె గురించి చెప్పేవాళ్ళందరూ ఆ పుస్తకంతోనే మొదలుపెడతారు. నేను ఆమె పుట్టి పెరిగిన ఇల్లు చూసి వచ్చాను. అందుకే ఆ ఇంటి నుంచి మొదలుపెడుతున్నాను. తండ్రికి కలిసిరాని నేలే కూతురికి చదువు చెప్పింది. ఆ ప్లాట్లు అనుకున్నట్టు అమ్ముడుపోయి ఉంటే ఆ పుస్తకం వచ్చేదా అన్న ప్రశ్న అక్కడ నిలబడినప్పుడు నాకు బలంగా తోచింది. రాదనే నా నమ్మకం.

దారి చెబుతాను, ఎందుకంటే మీలో కొందరి పిల్లలు ఆ చుట్టుపక్కల ఉన్నారు. పిట్స్‌బర్గ్ అంటే మన వాళ్ళకు పెన్ హిల్స్‌లోని వేంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. 1970ల్లో కట్టిన గుడి, అమెరికాలో తొలినాటి హిందూ ఆలయాల్లో ఒకటి. ఎక్కడెక్కడి నుంచో తెలుగువాళ్ళు కార్లు వేసుకుని వస్తారు. దర్శనం చేసుకుని, పులిహోర తిని, తిరిగి వెళ్ళిపోతారు. ఆ గుడి నుంచి ఓక్‌మాంట్ మీదుగా వెళ్ళి, హల్టన్ వంతెన మీద అల్లిగెనీ నది దాటితే అవతలి ఒడ్డున కాస్త ఎగువన స్ప్రింగ్‌డేల్. అంత దగ్గర. అయినా గుడికి వచ్చినవాళ్ళలో ఆ ఇంటిదాకా వెళ్ళినవాళ్ళు నాకు ఒక్కరూ తగల్లేదు. నాకు ఇది నిజంగా బాధ కలిగించింది.

ఇల్లు మారియన్ అవెన్యూ అనే వీధిలో, నేల ఎత్తుగా ఉన్నచోట ఉంటుంది. చుట్టూ ఇప్పుడు అన్నీ ఇళ్ళే. రాబర్ట్ కార్సన్ కలగన్న ప్లాట్లు ఆయన పోయిన తర్వాత ఎప్పటికో నిండాయి. 64 ఎకరాల్లో ఇప్పుడు ఇంటి చుట్టూ మిగిలింది కొద్దిపాటి స్థలం. తెల్ల రంగు వేసిన చెక్క ఇల్లు. కార్సన్ కుటుంబం ఉన్న రోజుల్లో కింద రెండు గదులు, పైన రెండు గదులు, అంతే. కుళాయి లేదు. మరుగుదొడ్డి ఇంటి బయట. ఇప్పుడు కనిపించే అదనపు గదులు వాళ్ళు వెళ్ళిపోయాక కట్టినవి. వాటిని మనసులో తీసేసి చూస్తే అసలు ఇల్లు ఎంతదో తెలుస్తుంది. అయిదుగురు మనుషులు ఆ నాలుగు గదుల్లో బతికారు. అక్క పెళ్ళి చెదిరి పుట్టింటికి వచ్చాక మనుషులు ఇంకా పెరిగారు.

మహానుభావుల ఇళ్ళంటే మనం పెద్ద పెద్ద హాళ్ళు, అద్దాల బీరువాల్లో కళ్ళజోళ్ళు, పెన్నులు ఊహించుకుంటాం. అలాంటివి ఆశించి వెళితే ఇక్కడ నిరాశే. పై గదిలో నిలబడి కిటికీ దగ్గరకు రెండడుగులు వేస్తే గది అయిపోతుంది. కానీ ఆ కిటికీ బయట ఒకప్పుడు ఏముండేదో తెలుసుకుని చూడాలి. యాపిల్ చెట్లు, వాటి వెనక గుట్ట, గుట్ట మీద అడవి. ఆ గుట్టల రాళ్ళలో చిన్నప్పుడు రేచల్‌కు ఒక సముద్రజీవి శిలాజం దొరికిందని చెబుతారు. సముద్రానికి వందల మైళ్ళ దూరంలో ఉన్న పిల్ల ఆ రాయి చేతిలో పట్టుకుని, ఇక్కడికి ఈ జీవి ఎలా వచ్చింది, ఆ సముద్రం ఏమైంది అని అడిగిందట.

అడిగితే జవాబు చెప్పే మనిషి ఇంట్లో ఉండడం ఆ పిల్ల అదృష్టం. తల్లి మరియా చదువుకున్న మనిషి, పెళ్ళికి ముందు బడిపంతులమ్మ. పెళ్ళయిన ఆడవాళ్ళు పంతులమ్మలుగా కొనసాగడానికి వీల్లేని కాలం కనుక బడి మానేయాల్సి వచ్చింది. ఆ రోజుల్లో అమెరికాలో ప్రకృతి పాఠం అనే ఒక పెద్ద ఉద్యమం నడిచింది. పుస్తకం మూసి పిల్లల్ని బయటికి తీసుకెళ్ళండి, చెట్టును చెట్టు దగ్గర, పురుగును పురుగు దగ్గర చూపించండి అని కార్నెల్ విశ్వవిద్యాలయం ఆచార్యులు ఉపాధ్యాయులకు నేర్పేవారు. మరియా బడిలో చెప్పలేకపోయిన పాఠాలు కూతురికి చెప్పింది. ఇద్దరూ గంటల తరబడి గుట్టల్లో తిరిగేవారు. ఇంట్లోకి పురుగు వస్తే చంపకుండా పట్టుకుని బయట వదిలేది ఆ తల్లి. అడవిలో దొరికిన జీవిని పిల్లలు ఇంటికి తెస్తే చూశాక మళ్ళీ దాని చోట దాన్ని వదిలి రావాలి. ‘సైలెంట్ స్ప్రింగ్’ ఒక్క మాటలో చెప్పమంటే నేను ఈ ఇంటి అలవాటునే చెబుతాను.

పదకొండేళ్ళకు రేచల్ రాసిన కథ సెయింట్ నికొలస్ అనే పిల్లల పత్రికలో అచ్చయింది, 1918 సెప్టెంబరులో. అది యుద్ధ విమానాల కథ, సైన్యంలో ఉన్న అన్న చెప్పిన సంగతి విని రాసింది. నాకు ఎక్కువ నచ్చింది 1922లో అదే పత్రికలో వచ్చిన చిన్న వ్యాసం. కుక్కను వెంటబెట్టుకుని, తిండి, నీళ్ళు, నోటు పుస్తకం, కెమెరా తీసుకుని రోజంతా గుట్టల్లో పక్షి గూళ్ళు వెతకడం గురించి రాసింది. పదిహేనేళ్ళ పిల్ల ఒక రోజంతా అలా తిరిగి రావడానికి ఇంటి వెనకే చోటుంది. ఇప్పుడు ఆ ఇంటి ముందు నిలబడి చూస్తే ఆ దారి ఎటు పోయేదో ఊహించుకోవాలి. మన పిల్లలకు ఆ మాత్రం ఊహ కూడా మిగలకుండా చేస్తున్నాం. హైదరాబాదు చుట్టూ వెంచర్లు పడ్డ ఊళ్ళలో గుట్టలు కంకరగా మారిపోతుంటే, చెరువు శిఖం హద్దురాళ్ళ కింద కనబడకుండా పోతుంటే, అక్కడి పదిహేనేళ్ళ పిల్ల ఏ గూడు వెతుకుతుంది?

అయితే స్ప్రింగ్‌డేల్‌ను స్వర్గంలా చెబితే అది అబద్ధం. గుట్ట దిగితే నది, నది ఒడ్డున పశుకళేబరాలతో జిగురు తయారుచేసే ఫ్యాక్టరీ. ముసలి గుర్రాలను అక్కడికి తోలుకొచ్చేవారు. రైలు దిగినవాళ్ళకు ముందుగా తగిలేది ఆ కంపే. తర్వాత ఊరికి ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి బొగ్గుతో నడిచే కరెంటు కేంద్రాలు వచ్చాయి. రేచల్ కాలేజీకి వెళ్ళే నాటికి ఊరు ఆ రెండింటి మధ్య ఇరుక్కుపోయింది. తండ్రి, అన్న, అక్క ముగ్గురూ ఏదో ఒక కాలంలో వాటిలో ఒకదాన్ని నడిపే కంపెనీలో పనిచేసినవాళ్ళే. ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ పొగ కావాలి. ఆమె పరిశ్రమను దూరం నుంచి చూసి తిట్టిన మనిషి కాదని ఊరు చూస్తే బాగా అర్థమవుతుంది. దాని జీతం తిన్న ఇంట్లో పుట్టి, దాని బూడిద పడ్డ ఊళ్ళో పెరిగింది.

ఆ తర్వాత 1970లో ఇంకోటి వచ్చింది, చెస్విక్ కేంద్రం. దాని రెండు పొగగొట్టాలు ఆకాశంలోకి నిలబడి చాలా కాలం ఆ ఊరికి ఆనవాలుగా ఉన్నాయి. 2022లో కేంద్రం మూతపడింది, 2023 జూన్‌లో పొగగొట్టాలను పేల్చి కూల్చేశారు. పర్యావరణం అనే మాటను ఇంటింటికీ తీసుకెళ్ళిన మనిషి ఊళ్ళో, ఆమె పోయిన తర్వాత దాదాపు అరవై ఏళ్ళకు గానీ బొగ్గు పొగ ఆగలేదు.

ఇప్పుడు డబ్బు సంగతి. 1925లో రేచల్ పిట్స్‌బర్గ్‌లోని పెన్సిల్వేనియా మహిళా కళాశాలలో చేరింది. ఇప్పుడు దాన్ని చాథమ్ విశ్వవిద్యాలయం అంటారు. ఫీజు కట్టడానికి తల్లి ఇంట్లోని పింగాణీ సామాను అమ్మింది, యాపిల్ పళ్ళు, కోళ్ళు అమ్మింది, పియానో పాఠాలు చెప్పింది. అయినా సరిపోలేదు. చివరికి చదువు అప్పుకు హామీగా స్ప్రింగ్‌డేల్ ప్లాట్లలో రెండింటిని కాలేజీకి రాసిచ్చారు. తండ్రి ఆ ప్లాట్ల మీద పెట్టుకున్న ఆశ చివరికి ఇలా పనికొచ్చింది. ఇంగ్లీషు సాహిత్యం చదవాలని చేరిన అమ్మాయి మేరీ స్కాట్ స్కింకర్ అనే అధ్యాపకురాలి పాఠాలు విని జీవశాస్త్రంలోకి మారింది. ఇక్కడున్న ఉపాధ్యాయులు ఈ పేరు గుర్తుపెట్టుకోవాలని నా కోరిక. 1929 వేసవిలో మసాచుసెట్స్ తీరంలో సముద్ర పరిశోధన కేంద్రమున్న వుడ్స్ హోల్‌లో మొదటిసారి సముద్రం చూసింది. 1932లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రంలో ఎం.ఏ. పూర్తిచేసింది. తర్వాత తండ్రి పోయాడు, తల్లి బాధ్యత ఆమె మీద పడింది. 1936లో ప్రభుత్వ మత్స్యశాఖలో ఉద్యోగం. 1937లో అక్క పోయింది, అక్క పిల్లలిద్దరి బాధ్యతా ఆమె మీద పడింది. పగలు ఆఫీసు, రాత్రి రాత. తల్లి ఆమె రాతప్రతులు టైపు చేసేది. 1951లో సముద్రం మీద రాసిన పుస్తకం బాగా అమ్ముడుపోయాకే ఉద్యోగం మానేసి పూర్తిగా రాతకు కూర్చోగలిగారు.

1958 జనవరిలో మసాచుసెట్స్ నుంచి ఓల్గా హకిన్స్ అనే స్నేహితురాలి ఉత్తరం వచ్చింది. దోమల కోసం విమానంతో డీడీటీ చల్లితే తన తోటలో పక్షులు చచ్చి పడ్డాయని ఆవిడ రాశారు. ఆ ఉత్తరం తర్వాత నాలుగేళ్ళు కార్సన్ దేశమంతటా శాస్త్రవేత్తలకు రాసి, పరిశోధన పత్రాలు పోగుచేశారు. ఆ పనితీరు ఎలాంటిదో ఒక్క ఉదాహరణ చెబుతాను. మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయం ఆవరణలో ఎల్మ్ చెట్లకు తెగులు వస్తే 1954 నుంచి డీడీటీ కొట్టారు. మందు ఆకుల మీద పడింది. ఆకులు రాలాయి. రాలిన ఆకుల్ని వానపాములు తిన్నాయి. వానపాములు కొన్ని చచ్చాయి, బతికిన వాటి ఒంట్లో మందు పోగైంది. మరుసటి వసంతంలో రాబిన్ పిట్టలు వచ్చి ఆ వానపాముల్ని తిన్నాయి. పెద్ద వానపాములు పదకొండు తింటే చాలు, ఒక పిట్ట చావడానికి సరిపడా విషం చేరుతుంది. రాబిన్ అయితే పది పన్నెండు నిమిషాల్లో అన్ని తినేస్తుంది. చెట్టు మీద కొట్టిన మందుకు నెలల తర్వాత, నేల మీద, అసలు ఆ చెట్టుతో పని లేని పిట్ట చచ్చిపోయింది. ఈ గొలుసులో ఒక్కో లంకెనూ శాస్త్రవేత్తలు వేరువేరుగా చూశారు. వాటిని కలిపి, చదివినవాడు మరిచిపోలేనట్టు చెప్పింది కార్సన్. గూళ్ళు వెతికిన పిల్లే పెద్దయి ఈ లెక్క కట్టింది.

పుస్తకం వచ్చాక రసాయన కంపెనీలు ఆమెను ఎంతగా దుమ్మెత్తిపోశాయో మీకు తెలిసే ఉంటుంది, దాని మీద ఎక్కువ సేపు మాట్లాడను. ఒక్కటి మాత్రం చెప్పాలి. అప్పటికే ఆమెకు రొమ్ము క్యాన్సర్. 1960లో శస్త్రచికిత్స జరిగింది. ఆ సంగతి బయటపడితే కోపంతో రాసిందంటారని దగ్గరివాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పలేదు. 1963 మేలో అధ్యక్షుడు కెనడీ నియమించిన శాస్త్ర సలహా సంఘం నివేదిక ఆమె మాటలను బలపరిచింది. జూన్‌లో సెనెట్ ముందు కూర్చుని సాక్ష్యం చెప్పారు. 1964 ఏప్రిల్ 14న కన్నుమూశారు, 56 ఏళ్ళకు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1970లో ఏర్పడింది, 1972లో అక్కడ పంటల మీద డీడీటీని నిషేధించారు. రెండూ ఆమె చూడలేదు.

ఇప్పుడు మీ మనసులో ఉన్న ప్రశ్నకు వస్తాను. డీడీటీ లేకపోతే మలేరియాతో కోట్ల మంది చచ్చిపోయేవారు కదా, ఆవిడ వల్లే పేద దేశాలకు అన్యాయం జరిగిందంటారు కదా అని. నేను పల్లెలో పుట్టినవాణ్ణి. చిన్నప్పుడు మలేరియా వాళ్ళు పంపులు భుజాన వేసుకుని వచ్చి ఇంటి లోపల గోడలకు మందు కొట్టి, వీధి గుమ్మం పక్కన ఎర్రటి అక్షరాలతో డీడీటీ అని, తేదీ రాసి వెళ్ళేవారు. గోడల మీద తెల్లటి చారలు చాలా రోజులు ఉండేవి. మా అమ్మ ఆ చారల మీద అలకకూడదని వాళ్ళు చెప్పేవారు. ఆ మందు మనకు మేలు చేసిందని కాదనను. 1953లో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టే నాటికి ఏడాదికి 7.5 కోట్ల కేసులుండేవని అంచనా. 1965 నాటికి అవి లక్షకు దిగాయి. ఇది చిన్న విజయం కాదు.

కానీ 1976కు అవే కేసులు మళ్ళీ 64 లక్షలకు ఎక్కాయి. అప్పటికి మన దేశంలో డీడీటీని ఎవరూ నిషేధించలేదు. నిర్లక్ష్యం ఒక కారణం, డబ్బు కొరత ఒక కారణం, దోమలు మందుకు తట్టుకోవడం నేర్చుకోవడం మరో పెద్ద కారణం. ఇది జరుగుతుందని కార్సన్ 1962లోనే ఒక అధ్యాయమంతా రాశారు. పొలాల మీద విచ్చలవిడిగా చల్లితే, రోగం వచ్చినప్పుడు వాడుకోవలసిన మందు పనిచేయకుండా పోతుందని. పురుగుమందులు ఎప్పుడూ వాడకూడదన్నది తన వాదన కాదని ఆ పుస్తకంలోనే స్పష్టంగా ఉంది. మన ప్రభుత్వం 1989లో పంటలకు డీడీటీ నిషేధించి మలేరియాకు ఉంచింది. ప్రపంచ దేశాల ఒప్పందం కూడా రోగాల నివారణకు ఆ మినహాయింపు ఇచ్చింది. ఆమెను తప్పుపట్టేవాళ్ళు ముందు పుస్తకం చదవాలి.

రైతు సోదరులకు నేను పురుగులు మందుకు తట్టుకోవడం గురించి పాఠం చెప్పనక్కర్లేదు. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి మీద లద్దె పురుగు విరుచుకుపడినప్పుడు ఏ మందు కొట్టినా చావలేదు. అప్పు తెచ్చి కొట్టారు, ఇంకో అప్పు తెచ్చి ఇంకో మందు కొట్టారు. చివరికి చాలామంది రైతులు ఆ డబ్బా మూతే తీసి తాగారు. స్ప్రింగ్‌డేల్ ఇంట్లో గోడకు ఆనుకుని నిలబడినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ చావులే. దేశాలు వేరు, కాలం వేరు. పురుగు మందును ఓడించే తీరు మాత్రం ఆమె రాసినట్టే జరిగింది.

దానికి జవాబు కూడా మన నేల మీదే పుట్టింది. ఖమ్మం జిల్లా పునుకుల, ఇప్పుడది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది, 2000 దశకం తొలి ఏళ్ళలో పురుగుమందులు మానేసిన ఊరుగా ప్రకటించుకుంది. వేసవి దుక్కితో నేలలోని పురుగు కోశాలు బయటపడేలా చేయడం, మగ పురుగుల్ని వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు, జిగురు అట్టలు, చేలో పక్షులు వాలడానికి కొమ్మలు పాతడం, వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం. ఇందులో నాకు ఎంతో ఇష్టమైనది ఆ కొమ్మలు పాతడం. మందు కొట్టి పక్షిని చంపిన పద్ధతికి ఎదురుగా, పక్షికి కూర్చునే చోటిచ్చి పురుగును తినమన్నారు. 2004-05 నుంచి మహిళా సంఘాల ద్వారా ఈ పద్ధతి ఉమ్మడి రాష్ట్రంలో వేల ఊళ్ళకు వెళ్ళింది. దీన్ని నడిపింది ఎక్కువగా ఆడవాళ్ళు. మరియా కార్సన్‌ను తలుచుకుంటే ఇది నాకు కాకతాళీయం అనిపించదు. కషాయం కాచేదీ, పిల్లల్ని చేలో తిప్పేదీ, మగవాడు డబ్బా మోసుకొస్తే వద్దనేదీ మన ఊళ్ళ ఆడవాళ్ళే.

ఇంటి సంగతితో ముగిస్తాను. కార్సన్ కుటుంబం 1930 ప్రాంతంలో ఆ ఇల్లు వదిలి మేరీలాండ్ వెళ్ళిపోయింది. ఇంటిని కాపాడడానికి 1975లో ఊరివాళ్ళు, ఆ చుట్టుపక్కల వాళ్ళు కలిసి సంఘం పెట్టుకున్నారు. 1976లో దాన్ని జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. పిట్స్‌బర్గ్‌లో నది మీద ఒక వంతెనకు 2006లో ఆమె పేరు పెట్టారు, గుట్టల మీదుగా నడిచే ఒక పొడవైన కాలిబాటకు కూడా ఆమె పేరే. ఇంటిని పెద్ద డబ్బున్న సంస్థ నడపడం లేదు. అందుకే రోజూ తలుపు తీసి ఉండదు, ముందుగా అడిగి వెళ్ళాలి. వెళ్ళేవాళ్ళు పిల్లల్ని తీసుకెళ్ళండి. కింది గదుల్లో చెప్పేది విన్నాక పై గదిలోకి తీసుకెళ్ళి, ఆ నాలుగు గదులే ఇల్లని చెప్పండి. తర్వాత ఇంటి చుట్టూ తిరగనివ్వండి. తొందరపెట్టకండి. మీ పిల్లలకు ఫోను చేసినప్పుడు గుడికి వెళ్ళారా అని ఎలాగూ అడుగుతారు, నది దాటారా అని కూడా అడగండి.

పత్తి గురించీ, కషాయాల గురించీ అడగాలనుకున్నవారు ముందు అడగండి. ఆ అనుభవం నాకన్నా ఎక్కువున్న రైతులు ఈ హాల్లోనే ఉన్నారు, వాళ్ళనూ మాట్లాడమని కోరుతున్నాను.